చేత్తో వినే వార్తలు

ఆ వీధిలో రేడియో లైసెన్సు డబ్బులు ఎవరూ అడక్కుండా కట్టే మనిషి ఒక్కతే. ఆవిడకేమో చెవులు వినపడవు. మిగతా ఇళ్ళవాళ్ళంతా తనిఖీ ఉద్యోగి సందు మలుపు తిరిగాడని తెలియగానే రేడియో గొంతు నొక్కేసి, దాని మీద దుప్పటి కప్పి, తలుపు సందులోంచి అమాయకపు మొహాలు పెట్టేవారు. వాళ్ళతో వేగలేక ఆ ఉద్యోగికి తల ప్రాణం తోకకొచ్చేది. ఈవిడ మాత్రం గడువు రోజు రాగానే ఉతికి దాచుకున్న బట్టలు కట్టుకుని, రేడియో స్టేషను దాకా నడిచివెళ్ళి, కౌంటరులో డబ్బు కట్టి, రసీదు అందరికీ కనబడేలా చేత్తో పట్టుకుని మరీ వచ్చేది. అంత డాబు పెళ్ళివారిలో కూడా ఉండదు.

దానికి కారణం లేకపోలేదు. ఆ స్టేషనులో సాయంత్రం వార్తలు చదివేది ఆవిడ కూతురే. వీధి వీధంతా ఆ అమ్మాయిని వార్తలమ్మ అనేవారు. అమ్మాయంటే చిన్నపిల్లేం కాదు, నలభై దాటిన మనిషి. కానీ తల్లితో ఒకే ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఎవరైనా అమ్మాయే. ఇద్దరికీ ఏ చిన్న తేడా వచ్చినా తల్లి దగ్గర ఒక మాట సిద్ధంగా ఉండేది.

"నీ జీతం ఇచ్చేది నేను. యజమానికే ఎదురు చెప్తావుటే?"

ఆ మాట ఇంట్లో అంటే వీధి చివర వినబడేది. సగం జీవితం నేతమిల్లులో గడిపిన గొంతు మరి. మరమగ్గాల మోత ఆవిడ చెవుల్ని తినేసింది కానీ రెండు విద్యలు చేతిలో పెట్టి పంపింది. ఒకటి, పెదాలు చూసి మాటలు పట్టడం. ఆ మోతలో అక్కడి ఆడవాళ్ళంతా అలాగే కబుర్లు చెప్పుకునేవారు. రెండోది, మగ్గం మీద చెయ్యి వేసి ఆ అదురుని బట్టి ఎక్కడ తేడా వచ్చిందో చెప్పడం. ఈ రెండో విద్యతోనే ఆవిడ కూతురి వార్తలు వినేది.

వంటింటి బల్ల మీద ఓ పాత చెక్క రేడియో ఉండేది. వార్తల వేళకి దాని ముందు కూర్చుని, స్పీకరు మీది గుడ్డకి అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకునేది. వార్తలకి ముందు స్టేషనువాళ్ళు కాసేపు ఏమీ వేయకుండా వదిలేసేవారు. అందులో గొప్ప ఆలోచనేం లేదు. వెనకటి రోజుల్లో ఒక గదిలో మీట ఆపి ఇంకో గదిలో మీట వేయడానికి ఆ మాత్రం వ్యవధి కావలసి వచ్చేది. యంత్రాలు మారినా అలవాటు మిగిలిపోయింది. ఆ ఖాళీలో అక్కడ వార్తలమ్మ గొంతు సవరించుకుని కాగితాలు సర్దుకునేది. ఇక్కడ తల్లి అరచేతి కింద రేడియో ఉలుకూ పలుకూ లేకుండా ఉండేది. ఆ తర్వాత తగిలే మొదటి అదురు తన కూతురిది.

ఏం చదివిందో ఆవిడకి తెలిసేది కాదు. ఎలా చదివిందో మాత్రం భోజనాల దగ్గర తీర్పు చెప్పేది. నీకు జలుబు చేసింది, వేడినీళ్ళు తాగు, అనేది. మధ్యలో ఎవరో తరుముతున్నట్టు ఎందుకా పరుగు, అనేది. ఒక్క తీర్పూ తప్పేది కాదు. వార్తలమ్మ విసుక్కున్నట్టు కనిపించేది గానీ, ఆ రెండు ముక్కలూ పడకపోతే ఆమెకి ముద్ద దిగేది కాదు.

అలాంటి రోజుల్లో లైసెన్సు రుసుము ఎత్తేశారు. ఇకమీదట ప్రకటనలతోనే స్టేషను నడుస్తుందన్నారు. వీధిలో అందరూ దుప్పట్లు మడిచి లోపల పెట్టుకుని సంబరపడ్డారు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, వార్తలమ్మ కూడా సంబరపడింది. జీతాలు సమయానికి వచ్చి చాలా కాలమైంది. స్టూడియో పైకప్పు కారి, వానాకాలం వార్తల వెనక బకెట్లో చినుకులు పడుతున్న చప్పుడు దేశమంతా వినేది. దొంగచాటుగా వినేవాళ్ళు ఎక్కువై, కట్టేవాళ్ళు తక్కువైతే ఏ సంస్థ మాత్రం ఎన్నాళ్ళని నిలబడుతుంది?

తల్లికి ఈ సంగతి చెబితే మొహం వెలవెలబోయింది.

"అయితే నీ యజమాని ఎవరు ఇప్పుడు?"

సబ్బుల కంపెనీలు, బిస్కెట్ల కంపెనీలు అని చెప్పింది కూతురు. నీకు డబ్బు మిగులుతుంది కదమ్మా, అని కూడా అంది.

"నేనేమైనా మిగల్చమన్నానా?" అని ఆవిడ మూతి తిప్పుకుని వెళ్ళిపోయింది. ఉద్యోగం ఊడిన మనిషిలా రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

కొత్త పద్ధతి మొదలైన సాయంత్రం, వార్తల ముందు ఖాళీలోకి సబ్బు పాట వచ్చి కూర్చుంది. ముఖ్యాంశాల వెనక డప్పులూ తాళాలూ చేరాయి. వార్తకీ వార్తకీ మధ్య ఒక తలనూనె, ఒక బిస్కెట్టు. వార్తలమ్మ ఇంటికొచ్చేసరికి తల్లి గుమ్మంలోనే ఎదురైంది, మొహం చేటంత చేసుకుని.

"ఈ రోజు చదివావే చదవడమంటే! బల్ల కూడా ఊగిందనుకో. ఆ మొదట్లో అయితే పాడినట్టే ఉంది. అంత మంచి వార్త ఏమిటే?"

అది నేను కాదు, సబ్బు, అని వార్తలమ్మ ఎలా చెబుతుంది? అవునన్నట్టు తలూపి చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది. ఆ మర్నాడూ మెచ్చుకోలే, ఆ తర్వాతి రోజూ మెచ్చుకోలే. జన్మలో ఎప్పుడూ అన్ని పొగడ్తలకి ఆమె నోచుకోలేదు, ఒక్కటీ ఆమెది కాదు. పరుగు తీశావనీ, గొంతు బొంగురుపోయిందనీ అనే మాటలు మాత్రం ఆగిపోయాయి. వాటి కోసం ఆమె ప్రాణం కొట్టుకుపోయేది.

ఒక రోజు నిజంగానే జలుబు చేసి, గొంతు పూర్తిగా పూడుకుపోయి, వార్తలు ఈడ్చుకుంటూ చదివింది. ఇంటికి రాగానే తల్లి గంటలా మోగావే అంది. వార్తలమ్మ అక్కడే కుర్చీలో కూలబడి, పెదాలు స్పష్టంగా కదుపుతూ ఉన్న సంగతంతా చెప్పేసింది.

తల్లి అంతా చూసింది. తన అరచెయ్యి ఒకసారి తిప్పి చూసుకుంది. తర్వాత నవ్వింది.

"ఇన్నాళ్ళూ నేను మెచ్చుకున్నది సబ్బునన్నమాట."

కాసేపటికి ఆ నవ్వు పోయింది.

"మరి నువ్వెక్కడున్నావే? ఎంత వెతికినా నాకు దొరకలేదే."

వార్తలమ్మ తల్లి చెయ్యి పట్టుకుని తన గొంతు మీద పెట్టుకుంది. రోజూ నీకు ఇంట్లోనే చదువుతాను, నా గొంతు మీద చెయ్యేసి వినమ్మా, అంది. ఆవిడ ఒక్క క్షణం చెయ్యి అలాగే ఉంచి, మెల్లగా వెనక్కి తీసుకుంది.

"ఇంట్లో నువ్వు నా కూతురివి, ఎలాగూ మాట్లాడతావు. అక్కడ నువ్వు అందరి మనిషివి. నేను ఏటేటా కట్టింది దానికి."

మర్నాడు వార్తలమ్మ ప్రకటనలు చూసే అధికారి దగ్గరికి వెళ్ళింది. మాట తీపి కాబట్టి స్టేషనులో అందరూ అతన్ని పంచదార అనేవారు. అతను చెడ్డవాడు కాదు, చెడ్డవాడైతే ఆమెకి పోట్లాడడం తేలికయ్యేది. అంతా ఓపిగ్గా విని నిట్టూర్చాడు. వార్తల ముందు చోటే అన్నిటికన్నా ఖరీదైనదనీ, ఆ ఖాళీ అమ్మిన డబ్బుతోనే స్టూడియోతో సహా స్టేషను మొత్తానికి కొత్త కప్పు వేశామనీ చెప్పాడు. వార్తలమ్మ తలెత్తి చూసింది. కప్పు మీద ఒక్క మరకైనా లేదు. ఇంటికొచ్చి తల్లికీ అదే చెప్పింది. తల్లి సరేనని ఊరుకుంది.

మళ్ళీ లైసెన్సు గడువు రోజు వచ్చింది. అది ఇప్పుడు ఉత్త తేదీయే. అయినా ఆవిడ ఉతికిన బట్టలు కట్టుకుంది, డబ్బు తీసుకుంది, స్టేషనుకి నడిచింది. పాత కౌంటరు వెనక ఇప్పుడు పంచదార కూర్చుని ఉన్నాడు. ఆ మిల్లు గొంతు వినబడేసరికి లోపలి నుంచి వార్తలమ్మ పరుగెత్తుకొచ్చింది.

లైసెన్సు ఇక లేదు పెద్దమ్మా, అని పంచదార పెదాలు సాగదీసి చెబుతున్నాడు.

"మరి ఇక్కడ ఏం అమ్ముతున్నారు బాబూ?"

ప్రకటనలన్నాడు.

"అయితే నాకొకటి ఇవ్వు. వార్తలకి ముందుది."

అతను నవ్వాపుకుంటూ కలం తీసి, ఏ సరుకు గురించని అడిగాడు.

"సరుకేం లేదు. నా వంతులో ఎవరూ మాట్లాడకూడదు, ఏమీ వాయించకూడదు. తర్వాత మా అమ్మాయి ఒక్కతే చదవాలి, వెనక డప్పులు వద్దు."

పంచదార కలం పక్కన పెట్టేశాడు. ఆవిడని చూశాడు, వెనక తలవంచుకుని నిలబడ్డ వార్తలమ్మని చూశాడు. ఆ డబ్బు ఆ చోటుకి ఏ మూలకీ రాదని ముగ్గురిలో ఇద్దరికి తెలుసు. అతను దాన్ని లెక్కపెట్టకుండానే సొరుగులో వేసి, ఈ ఒక్క సాయంత్రానికి సరిపోతుంది పెద్దమ్మా, అన్నాడు. ఆవిడ రసీదు అడిగి మరీ తీసుకుంది.

ఆ సాయంత్రం స్టూడియోలో ఎర్రదీపం వెలిగాక స్టేషనంతా ఒక్కసారి ఆగిపోయింది. అద్దం అవతల ఇంజనీరు, ముందే చెప్పి ఉంచినా, చెయ్యి మీట మీదే పెట్టుకుని ఇబ్బందిగా కదులుతున్నాడు. వార్తలమ్మ గొంతు సవరించుకుంది, కాగితాలు సర్దుకుంది. వంటింటి బల్ల దగ్గర ఒక అరచెయ్యి ఆగి తన కోసం చూస్తోందని ఆమెకి తెలుసు. ఈ పని ఎవరి కోసం చేస్తున్నావని ఎవరైనా అడిగి ఉంటే అప్పుడు తడుముకోకుండా చెప్పేది. మొదటి వార్త ఇసుక ధర గురించి. చదివింది.

ఇంటికి వెళ్ళేసరికి తల్లి ఇంకా రేడియో ముందే ఉంది. పెట్టె ఎప్పుడో కట్టేసి ఉంది, చెయ్యి మాత్రం దాని మీదే ఉంది. మెచ్చుకోలేం లేదు. కూతుర్ని ఎగాదిగా చూసి మొహం చిట్లించింది.

"మొదటి వార్త దగ్గర గొంతు వణికింది. ఇసుక ధర పెరిగితే నీకెందుకే ఏడుపు? డబ్బు కట్టి వింటున్నాను. జీతం కోసేస్తాను."

"కోసెయ్ అమ్మా," అంది వార్తలమ్మ. అని, ఆ చేతి పక్కనే బల్ల మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడుస్తుంటే, రేడియో మీది అరచెయ్యి కదిలి ఆమె వీపు మీదికి వచ్చింది.