ఆఖరి శాంపిలు

ఇంటి మురుగునీటిని శుభ్రం చేసే ట్యాంకులు తయారుచేయడం మా ఆయన పని. కొత్త నిబంధన వచ్చాక, జాతీయ ఆమోదం లేనిదే ఒక్క ట్యాంకు కూడా అమ్మకూడదన్నారు. ఆమోదం కావాలంటే ట్యాంకును మనుషులున్న ఇంటికి బిగించి, నెలల తరబడి నడిపి, బయటికొచ్చే నీళ్ళు తేటగా ఉన్నాయని చూపించాలి. ఏ మహానుభావుడు ఒప్పుకుంటాడు? మా ఇల్లే దొరికింది.

అప్పట్నుంచి మా బాత్రూమ్‌కి కూడా చట్టం వచ్చిపడింది. ఫినాయిల్ వద్దు, యాసిడ్ వద్దు, నూనె గిన్నెలు సింకులో కడగొద్దు. ట్యాంకులో మురుగును తినే సూక్ష్మజీవులుంటాయట, అవి చచ్చిపోతాయట. వాటికి జరిగినన్ని మర్యాదలు ఈ ఇంట్లో నాకెప్పుడూ జరగలేదు. ప్రాణం విసిగిపోయింది. అయినా ఓర్చుకున్నాను. ఇది గట్టెక్కకపోతే ట్యాంకులు చేసే షెడ్డుకు తాళమేనని నాకూ తెలుసు.

శాంపిళ్ళన్నీ బాగానే వచ్చాయి. ఆఖరిదానికి తనిఖీ అధికారి వచ్చి నిలబడగానే మా ఆయన హుషారుగా మూత తీశాడు. గుప్పుమని కంపు. నీళ్ళు కుడితిలా ఉన్నాయి. ఆయన మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

నేను లోపలికి పరిగెత్తాను. బాత్రూమ్ తళతళలాడుతోంది. మూలన బ్లీచింగ్ పౌడరు డబ్బాలు, అన్నీ ఖాళీ.

"నిన్న నువ్వు బజారుకెళ్ళినప్పుడు కడిగేశానే," అంది అత్తయ్య నడుం పట్టుకుని. "ఇన్నాళ్ళూ మీరు చెప్పినట్టే విన్నానా! ఆఖరి రోజేగా. ఆఫీసరొస్తుంటే అలాగే వదిలేస్తే పరువు పోదూ?"

బయటికొచ్చి జరిగింది ఇద్దరికీ చెప్పాను. తనిఖీ అధికారి చెడ్డవాడేం కాదు. "ఏం జరిగినా ఈ రోజు నీళ్ళే పట్టుకెళ్ళాలమ్మా," అని సీసా నింపుకుని వెళ్ళాడు. కొన్నాళ్ళకి కబురొచ్చింది. ఫెయిల్. మళ్ళీ మొదటినుంచి నడపాలి.

"ఏమైందిరా?" అని కొడుకుని అడిగింది అత్తయ్య.

నా నోటిదాకా వచ్చింది. మా ఆయన నావైపు ఒక్క చూపు చూశాడు.

"గొట్టం సరిగ్గా బిగించలేదమ్మా. తప్పు నాదే."

"చిన్నప్పట్నుంచీ అంతే నువ్వు, ఏ పనీ తిన్నగా చెయ్యవు. నేను నడుం విరిగేలా కడిగిపెడితే, నువ్వో గొట్టం బిగించలేకపోయావా!"

"అవునమ్మా."

ఆవిడ మనసు కరిగింది. కొడుకు తల నిమిరింది. "పోనీలే నాన్నా, దిగులుపడకు. ఈసారి కూడా వాళ్ళొచ్చే ముందు నేనే కడిగిపెడతాలే."

ఇక నిజం చెప్పక తప్పదు. ఆ పని నాకొదిలేసి, మా ఆయన చెప్పులేసుకుని షెడ్డుకి వెళ్ళిపోయాడు. ఇందాకైతే కసితీరా చెప్పేదాన్ని. ఇప్పుడు ఆవిడ మొహం చూస్తూ ఎలా చెప్పను?