గ్రైండర్ తిరుగుతున్నంతసేపు

నా కూతురు వెన్నిలా నాతో మాట్లాడటం మానేసి పన్నెండు రోజులైంది. పోట్లాట ఏమీ లేదు. చెప్పాల్సినవి కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటిస్తోంది, అంతే. రేపు కాలేజీ నుంచి రావడం లేటు. సాంబార్ వేండాం, పెరుగు చాలు. ఇలాంటివి. ఒక్కగానొక్క కూతురు ఇంట్లోనే ఉంది, నేను మాత్రం పొద్దున్నే ఫ్రిజ్ ముందు నిలబడి దాన్ని చదువుకుంటున్నాను.

తప్పు నాదే. "అమ్మా, ఒకటి చెప్పాల" అంటూ మూడుసార్లు వచ్చింది పాపం. మొదటిసారి గ్యాస్ బుక్ చేయలేదని గుర్తొచ్చి మధ్యలో లేచిపోయాను. రెండోసారి అది సగం చెప్పగానే మిగతా సగం నేనే ఊహించి సలహా కూడా ఇచ్చేశాను. తీరా దాని కష్టం వేరేనట. మూడోసారి డాక్టరమ్మ చెప్పిన పద్ధతి పాటించాను, అది ఇంకా ఘోరం.

నిరుడు, నా నలభై రెండో ఏట, నాకున్నది ఏడీహెచ్‌డీ అని, అంటే మనసు ఒకచోట నిలవని తత్వమని, మదురై డాక్టరమ్మ తేల్చింది. అంతవరకూ మా ఇంట్లో దాని పేరు నోటిదూల. ఆమె మాత్రలిచ్చి, ఎదుటివాళ్ళు ముగించేదాకా ఆగి, విన్నది ఒకసారి తిరిగి చెప్పి చూడమంది. ఆగడం నావల్ల ఎక్కడవుతుంది? వెన్నిలా అన్న ప్రతి ముక్కా వెంటవెంటనే అప్పజెప్పాను. "ఎగతాళి చేస్తా ఉండావా మ్మా?" అని లేచిపోయింది. ఆ సాయంత్రమే ఫ్రిజ్ మీద మొదటి కాగితం కనిపించింది.

నేను స్పిన్నింగ్ మిల్లులో పనిచేస్తాను. లోపల మిషన్ల రొదలో గొంతు చించుకున్నా వినపడదు. ఒకరి పెదాలు ఒకరం చూసుకుంటూ, చేతులతో సైగలు చేసుకుంటూ మాట్లాడుకుంటాం. మాట అందింది అని చెప్పాలంటే అరచెయ్యి గుండె మీద పెడతాం. మొన్న పక్క మిషన్ పాప్పమ్మాళ్ మోకాలి నొప్పితో మొదలుపెట్టి కోడలి దాకా వెళ్ళింది. అంతా విన్నాను. టీకి బయటికొచ్చాక ఆమె ఇంకేదో ఎత్తుకుంటే, రెండో మాటకే నేను మధ్యలో దూరిపోయాను.

"లోపల ఉండేటప్పుడు నువ్వు మంచి మనిషివి మారియమ్మా. బయటికొస్తేదా ఇట్ల," అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. పందొమ్మిదేళ్ళలో లోపల ఆమె మాటకు నేను ఒక్కసారీ అడ్డు రాలేదు. ఎలా వస్తాను? చూపు తిప్పితే ఆమె మాట పోతుంది, నేను నోరు తెరిచినా వినేవాళ్ళు లేరు.

ఆదివారం పొద్దున పిండి రుబ్బుతున్నాను. మా పాత గ్రైండర్ రొద వీధి చివరిదాకా వినిపిస్తుంది. వెన్నిలా నీళ్ళకు వచ్చింది. చెయ్యి పట్టుకుని ఎదురుగా కూర్చోబెట్టాను. అది గ్రైండర్ ఆపబోయింది.

"ఉండనీ," అన్నాను. "మిల్లులో మాదిరి చెప్పు. చూస్తా ఉంటాను."

చేతిలోని చెంబు కింద పెట్టింది. తర్వాత మొదలుపెట్టింది. దాని పెదాల మీంచి చూపు తీయలేదు నేను. పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి, పొంగితే పొంగనీ అనుకున్నాను. క్లాసులో మాట చెవిన పడుతుందట గానీ నిలవదట. ఒకే పేజీ నాలుగుసార్లు చదువుతుందట. రెండు పేపర్లు పోయాయట. నా మాత్రలతో పాటు డాక్టరమ్మ ఇచ్చిన ఏడీహెచ్‌డీ వివరాల కాగితం చదివేదాకా తను మొద్దు అనే అనుకుందట.

"నాకూ నీ మాదిరేదా ఉండాదేమో మ్మా. బయమేస్తా ఉండాది."

నాలుక చివర పది సలహాలున్నాయి. వాటి వెనక, నా నుంచే వచ్చిందా దీనికి అన్న ఏడుపు ఉంది. ఏదీ బయటికి రానివ్వకుండా అరచెయ్యి గుండె మీద పెట్టుకున్నాను. ఆ సైగ దానికి చిన్నప్పటి నుంచి తెలుసు. భోరుమని ఏడ్చేసింది.

పాలు పొంగి పొయ్యి ఆరింది. గ్యాస్ కట్టేశాను, పిండి ఎప్పుడో మెదిగిపోయిందని గ్రైండరూ ఆపాను. ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. మదురైకి ఎప్పుడు వెళ్ళాలి, డాక్టరమ్మను ఏమడగాలి, ఒక్కసారిగా అన్నీ తన్నుకొచ్చాయి. నోరు తెరిచాను.

"ఇంకా అవలేదు మ్మా," అంది వెన్నిలా.

కళ్ళు తుడుచుకుని, పిండిలో చెంబుడు నీళ్ళు పోసి, మళ్ళీ స్విచ్ వేసింది. నేను దాని మొహంలోకి చూస్తూ కూర్చున్నాను.