మూత తీసిన సీసా

కూతురు లాస్యకు సుజన టిఫిన్ డబ్బా సర్దుతుంటే అత్తగారు పద్మావతమ్మ గ్లాసు తెచ్చి పొయ్యి పక్కన పెట్టింది.

"పరగడుపునే తాగెయ్యమ్మా. మగపిల్లాడి మందు. బూర్గంపాడు అవతల ఒకాయన ఇస్తాడు. రెండో నెల దాటితే పనిచెయ్యదంట."

పోయినసారి కడుపుతో ఉన్నప్పుడూ సుజన ఇలాంటి మందే తాగింది. మూడో నెలలో కడుపు పోయింది. "నీ ఒంట్లో వేడెక్కువ" అని తేల్చేశారు గానీ, మందు మాట ఒక్కరు ఎత్తితే ఒట్టు! ఈ బిడ్డన్నా దక్కాలని ఆమె లోలోపల వెయ్యి దేవుళ్లకు మొక్కుకుంటోంది. మందు వద్దని పైకి అనే ధైర్యం లేక, వాంతి వస్తోందన్న వంకతో గ్లాసు అక్కడే వదిలేసి బయటపడింది.

ఖమ్మం స్టేడియంలో జాతీయ స్థాయి జూనియర్ పరుగు పోటీలు. సుజన పనిచేసే ఆసుపత్రి వాళ్లు, ల్యాబ్ టెక్నీషియన్ కదా అని ఆమెను డోపింగ్ పరీక్షల డ్యూటీకి పంపారు. గెలిచిన అమ్మాయి గీత దాటిన క్షణం నుంచి నీడలా వెంట ఉండాలి. మూత్రం పట్టేటప్పుడు కూడా పక్కనే నిలబడి కళ్లారా చూడాలి. ఈ సంగతి తెలిసి భర్త జయప్రకాశ్ తన ఎరువుల దుకాణంలో రైతుల ముందే నవ్వాడు. "పోయి పోయి ఉచ్చ డ్యూటీ దొరికిందా నీకు?" ఇంట్లో పసిదాని ఉచ్చ గుడ్డలూ, మంచాన పడ్డ మామగారి బెడ్‌పానూ ఎన్నేళ్లు ఎత్తిందో! అప్పుడు ఎవరికీ నవ్వు రాలేదు. అది కోడలి ధర్మం, ఇది మాత్రం పరువు తక్కువ. స్టేడియంలోనూ ఆ చాకిరీ తప్పలేదు. పరీక్షల గదిలో పనిచేసేవాళ్లలో ఆడమనిషి తనొక్కతే కనుక, ఫ్లాస్కు కనబడగానే మగవాళ్లంతా ఆమె వంకే చూస్తారు. "మేడమ్, జర చాయ్ పొయ్యండి." పోసింది. కాళ్లు లాగుతున్నాయి. కూర్చుంటే మళ్లీ లేవగలనా అనిపించింది.

మధ్యాహ్నం, మూడు వేల మీటర్ల పందెంలో కవిత అనే తండా పిల్ల గెలిచింది. పక్కింటి ఆడపిల్లలా ఉంది, బక్కగా. సుజన ఆమెను వెంటబెట్టుకుని పరీక్షల గదికి తెచ్చింది. దాహం దాహం అంటున్న పిల్లకు కోచ్ తలుపు దగ్గర సగం తాగిన నీళ్ల సీసా అందించబోతే సుజన చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దమ్మా. మూత తీసింది ఎవరిచ్చినా తీసుకోవద్దు. అక్కడున్నవాటిలో సీలు చూసి నువ్వే ఏరుకో."

పొద్దుటి నుంచి ఆ మాట ఎందరికి చెప్పిందో. నోటికి అలవాటైపోయింది.

డాక్టర్ బాలకృష్ణ కవితను కూర్చోబెట్టి అడిగాడు. "ఈ వారంల ఏమన్నా మందులు వాడినవా?"

"మా సార్ పొడి ఇచ్చిండు. పాలల్ల కలుపుకొని తాగిన."

"ఏం పొడి?"

"తెల్వదు సార్. బలానికన్నడు."

డాక్టర్ పెన్ను పక్కన పెట్టాడు. "రేపు అందుల ఏమన్నా తేలితే మీ సార్‌కు పోయేదేం లేదు బిడ్డా, నీ పతకం పోతది. ఎవరిచ్చిన్రని చూడరు. నీ ఒంట్లకు పోయేది ఏందో తాగకముందు నువ్వే అడగాలె."

"సార్‌ను ఎట్ల అడుగుత? కోప్పడతడు."

సుజనకు ఒళ్లు మండింది. ఇంత పరుగెత్తే కాళ్లున్నాయి, ఒక్క మాట అడిగే నోరు లేదా ఈ పిల్లకు? మరుక్షణం సిగ్గుతో తల దించుకుంది. పొద్దున తనకు ఉన్నదేమిటి, వాంతి వంక తప్ప? చదువుంది, ఉద్యోగం ఉంది. ఎదుటివాళ్ల రక్తంలో ఏముందో పరీక్ష చేసి చెబుతుంది. తన కడుపులోకి ఏం పోస్తున్నారో అడగడానికి మాత్రం ఇన్నేళ్లూ భయం. అత్తగారు నొచ్చుకుంటుందని, ఆయన మొహం ముడుచుకుంటాడని. ఆ భయంలోనే ఒక బిడ్డ పోయింది. ఆమెకు ఏడుపొచ్చింది.

కవిత పరీక్ష ముగిసేసరికి ఎండ తగ్గింది. ఫోన్ మోగింది. జయప్రకాశ్ గేటు దగ్గర ఉన్నాడట. వెళితే, కూల్‌డ్రింక్ సీసా ఒకటి చేతికిచ్చాడు. లోపల నల్లగా ఏదో ఉంది.

"పొద్దున తాగలేదంట కదా. అమ్మ ఒకటే గోల. తాగెయ్, జల్దీ. దుకాణం వదిలేసి వచ్చిన."

సుజన సీసా అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏముంది ఇందులో?"

"నాకేం తెలుసు? అమ్మ ఇచ్చింది, తెచ్చిన."

"మీ దుకాణంలో పేరు లేని మందు ఒక్క డబ్బా అమ్ముతారా?"

"ఏందే, ఇక్కడ రోడ్డు మీద పంచాయితీ?"

సుజన మూత తీసి సీసా అతని ముందుకు చాపింది. చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"అయితే ముందు మీరు ఒక గుక్క తాగండి."

"నేనా? ఆడోళ్ల మందు నాకెందుకు?"

"ఒక్క గుక్కే. మంచిదే అంటున్నారు కదా."

ఆమె మొండితనం చూసి, తప్పేట్టు లేదని అతను సీసా అందుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకుని గబుక్కున దూరం జరిపాడు.

"ఛీ! ఏం కలిపిండో ఏమో. నాకేమన్నా అయితే?"

సుజన సీసా మళ్లీ అందుకోలేదు. కొంగు సవరించుకుని గేటు లోపలికి నడుస్తూ అంది.

"అవ్. అత్తయ్యకు ఈ మాటే చెప్పండి."