నర్సింగం మోకాళ్ళలో గుజ్జు

మామ మోకాళ్ళ మీద అల్లుడికి ఉన్నంత శ్రద్ధ బొగ్గుగని కార్మికుల సెంటినరీ కాలనీలో ఇంకెవరికీ లేదు. సదానందం పొద్దున లేస్తూనే, మొహం కూడా కడుక్కోకముందే అడిగేవాడు.

"ఎట్లున్నయ్ మామా, గుంజుతున్నయా?"

"పాణం పోతున్నది బిడ్డా."

"మంచిదే" అని అల్లుడు హాయిగా ఛాయ్ తాగేవాడు.

ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. బొగ్గుబాయిలో పనికిరాడని కంపెనీ మెడికల్ బోర్డు తేలిస్తే నర్సింగం ఉద్యోగం ఇల్లరికపు అల్లుడికి వస్తుంది. రిటైర్మెంటు రెండేళ్ళలోపు పడిందా, ఆ దారి మూసుకుపోతుంది. ఆ గడువు దగ్గర పడుతోంది. అందుకే ఇంటిల్లిపాదీ ఆ నొప్పిని చంటిపిల్లలా సాకుతున్నారు. కూతురు మందు రాయబోతే తల్లి సారవ్వ కసిరేది: "బోర్డు అయ్యేదాక ఆగరాదే!"

సకల జనుల సమ్మె అయిపోయిన మరుసటి ఏడు, గోదావరిఖనిలోని ఒక ఫంక్షన్ హాల్లో 'పునర్యవ్వన' అనే ప్రైవేటు దవాఖాన వాళ్ళు శిబిరం పెట్టారు. సూటు వేసుకున్న డాక్టరు తెర మీద రంగుల బొమ్మలు చూపించాడు. తుంటి ఎముక మూలుగలోంచి మూలకణాలు తీస్తారట, మోకాలిలోకి ఎక్కిస్తారట, అరిగిన గుజ్జు మళ్ళీ పెరుగుతుందట. వాటికి మెసెంకైమల్ కణాలని పేరు. ఆ పేరు ఎవరికీ నోరు తిరగలేదు కాబట్టి అందరికీ నమ్మకం కుదిరింది. ఇది ఇంకా పరీక్షల దశలోనే ఉన్న వైద్యమని చెప్పడానికి మాత్రం ఆయనకు తీరిక దొరకలేదు.

మొదటి పేషెంటుకు ఉచితమన్నారు. ఆ మాట చెవిన పడ్డాక నర్సింగం ఆగే మనిషి కాదు. ఇంట్లో చెప్పకుండా వెళ్ళాడు. తుంటిలో గుచ్చారు, మోకాళ్ళలో గుచ్చారు. మోకాళ్ళ నొప్పి ఎక్కడిదక్కడే ఉంది, తుంటి నొప్పి అదనంగా వచ్చింది.

ఆ మాటే చెప్పి ఊరుకుంటే పోయేది. కానీ తర్వాతి శిబిరంలో వాళ్ళు శాలువా కప్పి మైకు చేతికిచ్చారు. బుద్ధెరిగాక నర్సింగానికి ఎవరూ మైకివ్వలేదు. ఎదురుగా చూస్తే తోటి కార్మికులు. మనిషి ఉబ్బిపోయాడు.

"కొత్త మోకాళ్ళొచ్చినయ్! ఇగ బాయిల ఉరుకుడే!" అన్నాడు. చప్పట్లు మోగాయి. లోకల్ కేబుల్ వాళ్ళు దాన్ని రోజూ చూపించారు.

బోర్డు ముందుకు నర్సింగం నిజంగానే కుంటుకుంటూ వెళ్ళాడు. డాక్టరమ్మ ఎక్స్‌రే చూసింది, ఆయన మొహం చూసింది.

"టీవీలో ఉరుకుతానన్నది మీరే కదా?"

"గది ఊకనే అన్న మేడమ్. ఇవి పాతయే. మీ కాళ్ళు మొక్కుత."

"ఆ వైద్యం పనిచేసిందో లేదో తెలియడానికి ఏడాది పడుతుందని వాళ్ళే చెబుతున్నారు. అప్పుడు రండి, చూద్దాం."

అప్పటికి గడువు దాటిపోతుంది. మామా అల్లుళ్ళు నేరుగా పునర్యవ్వనకు పరుగెత్తారు. వైద్యం పనిచేయలేదని ఒక్క ముక్క రాసివ్వమని నర్సింగం డాక్టరు కాళ్ళావేళ్ళా పడ్డాడు.

"మా ట్రీట్‌మెంట్ ఫెయిలవడమా?" డాక్టరు నొచ్చుకున్నాడు. "మీకు తెలియడం లేదు గానీ, లోపల గుజ్జు పెరుగుతూనే ఉంది."

సదానందం బల్ల గుద్దాడు. "పెరిగితే నా నౌకరి ఎవడిస్తడు? కాలనీ అంత తిరిగి మీ బండారం చెప్త. ప్రతి క్వార్టర్ల నాకు ఎరుకున్నోళ్ళే!"

డాక్టరు మెత్తబడ్డాడు. అంత పరిచయాలున్న కుర్రాడి కోసమే తాను వెతుకుతున్నానన్నాడు. పేషెంట్లను తెచ్చే ఉద్యోగం ఇచ్చి, మెడకో టై కూడా ఇచ్చాడు. సదానందం మిఠాయి పొట్లంతో ఇల్లు చేరాడు. సారవ్వ అల్లుడికి దిష్టి తీసింది.

వారం తిరిగాక, ఫస్టు షిఫ్టులో, నర్సింగం గోడను ఆనుకుంటూ బాయిలోకి దిగుతున్నాడు. వెనకే బుచ్చన్న వస్తున్నాడు. అతని మోకాళ్ళూ అరిగిపోయినవే.

"నర్సింగన్నా, నీ అల్లుడు మా ఇంటికొచ్చిండు. ఉన్న ఎకరం అమ్మి సూదులేయించుకొమ్మంటుండు. నిజం చెప్పు, నీకు తగ్గిందా?"

నర్సింగం గోడ పట్టుకుని ఇంకో అడుగు దిగాడు. వయసంతా పక్కపక్కన బొగ్గెత్తిన మనిషి. పైకప్పు కూలిన రోజు తనను రెక్క పట్టి ఈడ్చుకొచ్చిన మనిషి. సిగ్గుతో చచ్చిపోతూ, వెనక్కి తిరగకుండానే చెప్పాడు.

"శాన తగ్గింది బుచ్చన్నా. జల్ది ఏయించుకో."