ఇంటికొకరు

ఆరో చొక్కాకి నాలుగో కాజా చుట్టి దారం కొరికేసరికి పదకొండయింది. కాజాలక్క ఎడమ చెయ్యి తడుముకుంది. పట్టీ లేదు. ఉండదని తెలుసు, పొద్దున్న విప్పింది తానే కదా! అయినా మరోసారి తడుముకుంది.

ఆ దర్జీ దుకాణంలో ముప్ఫై ఏళ్లుగా ఆమె పని అదే. మాస్టారు కత్తిరిస్తాడు, మిషన్ల మీద కూర్చున్నవాళ్లు కుడతారు, చివర్న కాజాలూ గుండీలూ ఈవిడవి. ముక్కు చివర కళ్లజోడు, ఒంగి ఒంగి అలాగే ఉండిపోయిన మెడ. ఊళ్లో సగం మంది ఆవిడ చేతిపని తొడుక్కు తిరుగుతారు, ఆవిడెవరో ఒక్కరికీ తెలీదు.

పద్దెనిమిదేళ్ల కిందట, జబ్బులు ముదరకుండా ఆపడమెలాగో కనిపెడతామంటూ పరిశోధన కేంద్రం వాళ్లు ఇంటికొకర్ని రమ్మన్నారు. ఏళ్ల తరబడి పరీక్షిస్తూనే ఉంటామన్నారు. తనే ముందుకెళ్లింది. అప్పట్లో ధైర్యం ఉండేది మరి. ఏడాదికోసారి నర్సు వచ్చి రక్తం తీస్తుంది, బరువు చూస్తుంది, ప్రశ్నలడుగుతుంది. మెట్లెక్కితే ఆయాసమా? లేదమ్మా. ఛాతీ పట్టేసినట్టుంటుందా? అబ్బే. రెండేళ్లుగా ఈ రెండూ పచ్చి అబద్ధాలే. వాళ్ల నాన్న యాభై రెండేళ్లకే, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. నోరు తెరిచి ఉన్నమాట చెప్పేస్తే ఆ కుర్చీ తనకూ వేసేస్తారని ఆమె భయం. చెప్పనంతకాలం లేనట్టేనని సరిపెట్టుకుంది.

ఈసారి ప్రశ్నలతో పోలేదు. చేతికి పట్టీ కట్టి, నడుముకి చిన్న పెట్టె తగిలించారు. అరగంటకోసారి దానంతటదే బిగుసుకుని రక్తపోటూ గుండె కొట్టుకునే తీరూ చూసుకుంటుందట, ఒక రోజంతా. దాని దగ్గర బుకాయింపు చెల్లదు. అందుకే నర్సు గడప దాటగానే విప్పి చెల్లెలికి కట్టేసింది. ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే. చెల్లెలు రెండేళ్లు చిన్న, తలనొప్పి మాత్ర కూడా మింగి ఎరగదు.

“బళ్లో నీ లెక్కలు నేనే చేశాను, ఇప్పుడిదీ నాకేనా అక్కా?” అని నవ్వుతూనే చెయ్యి చాపింది.

మూడింటికి కేంద్రం బండి దుకాణం ముందు ఆగింది. నర్సు పరుగున లోపలికొచ్చింది. ఫోన్ ఎత్తరేమని కసిరింది. అది సంచిలో మోగి మోగి ఊరుకుంది, మిషన్ల మోతలో ఎవరికి వినపడుతుంది!

“కదలకండి. పెట్టె అంకెల్ని ఎప్పటికప్పుడు మాకు పంపుతుంది. మధ్యాహ్నం నుంచి మీ గుండె అడ్డదిడ్డంగా కొట్టుకుంటోంది,” అంటూ చెయ్యందుకుంది. “పట్టీ ఏది?”

కాజాలక్క చెయ్యి వెనక్కి లాక్కుంది. దొరికిపోయాననుకుంది, నాన్న కుర్చీ వచ్చేసిందనుకుంది. ఆ తర్వాత గాని ఆ అంకెలెవరివో తట్టలేదు. తట్టాక, ఇన్నేళ్లూ తన కోసం పడ్డ భయం భయమే కాదనిపించింది.

“నావి కావు తల్లీ. మా చెల్లివి. ఇంట్లో ఒక్కతే ఉంది, పద.”

బండిలో నాలుగు వీధులు. ఆపైన రెండంతస్తుల మెట్లు. ఆయాసం దాచుకోవాలన్న ధ్యాసే లేదు, రొప్పుతూ గోడ పట్టుకుని ఎక్కింది. తలుపు దగ్గరగా వేసుంది. చెల్లెలు మంచం మీద పక్కకి తిరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకుని పడుకుని ఉంది. నర్సు ఆమెను వెల్లకిలా తిప్పి ఛాతీ నొక్కింది. చాలాసేపు నొక్కింది. తర్వాత ఆపేసింది.

“ఈవిణ్ణి ఎప్పుడైనా పరీక్ష చేయించారా?”

“ఇంటికొకరే అన్నారుగా,” అంది అక్క.

నర్సు వరండాలోకెళ్లి కేంద్రానికి ఫోన్ చేస్తోంది. కాజాలక్క మంచం పక్కన కూలబడింది. పట్టీ సరిగ్గా కూర్చోవాలని చెల్లెలు తన జాకెట్టు ఎడమ చేతి కుట్లు విప్పేసుకుంది. ఆ చేతిముక్క దిండు పక్కన నీటుగా మడతపెట్టి ఉంది. రేపు పట్టీ తీశాక మళ్లీ కుట్టుకోవడానికి దారం ఎక్కించిన సూది దానికి గుచ్చి పెట్టుకుంది.