క్యాంపులో నా వేలు

నా ఎడమ చేతి చూపుడు వేలు ఈ ఉదయం క్యాంపుకి వెళ్లిపోయింది. కాఫీ గ్లాసు పట్టుకోబోతే తెలుస్తుంది. నొప్పి లేదు, రక్తం లేదు. వేలు ఉండాల్సిన చోట చర్మం మడిచి కుట్టి ఉంది. కుట్టు మాత్రం వంకర. నేనైతే విప్పి మళ్లీ కుడతాను.

దిల్లీలో ప్రభుత్వం పడిపోయి పదకొండు రోజులైంది. ఎంపీలు చాలడం లేదని ఇప్పుడు ఓటు వేసిన వేళ్లనే తీసుకుపోతున్నారు. సిరా చుక్క వేళ్లు ఎవరి దగ్గర ఎక్కువుంటే వాళ్లదే ప్రభుత్వం. బలపరీక్ష ఈ సాయంత్రం నాలుగింటికి. పేపర్లో ఆరో పేజీలో వేశారు, చీరల తగ్గింపు ప్రకటన కింద.

నేను ఎడమచేతి వాటం. బియ్యం కడిగి, ఎసరు పోసి, ఆ వేలే నిలబెట్టి చూస్తాను. నీళ్లు మొదటి కణుపు దాకా రావాలి. ముప్పై ఏళ్లుగా అదే కొలత. ఇవాళ మధ్య వేలు పెడతాను. అన్నం సంకటి అవుతుంది.

"గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు. దానికి వేలెందుకు?" అంటారు మా ఆయన. ఆయన వేలు కూడా లేదు. పేపరు తిప్పడానికి బొటనవేలు సరిపోతోంది.

"మీ వేలు ఎవరికి లేస్తుందో మీకు పట్టదా?"

"ఎవరొచ్చినా మన గ్యాస్ బండ మనమే మొయ్యాలి సుభాషిణీ."

"బండ నేను మోస్తున్నాను," అని చెప్పులేసుకుంటాను.

నేను ఓటు ఎవరికి వేశానో నాకు తెలుసు. నా వేలికీ తెలుసు. సాయంత్రం అది ఇంకొకడి కోసం లేస్తే, ఆ పని నేను చేసినట్టే. నాలుగు లోపు దాన్ని తెచ్చుకోవాలి.

పక్కింటి నాంచారమ్మ పిన్ని మగ్గం మీంచి లేచి వస్తుంది. కొంగున నూలు కండె ఉంది. వేలు పోయిన దగ్గర్నుంచి ఆమెకు తెగిన పోగు అతకడం కుదరడం లేదు.

"పదమ్మే పోదాం. దొంగసచ్చిన ఏలు! డెబ్బై ఏళ్లు ఉప్పూకారం పెట్టి పెంచితే చెప్పాపెట్టకుండా పోయిద్దా?"

క్యాంపు ఓడరేవు బీచి రిసార్టులో. చీరాల నుంచి అక్కడికి దారి ఇవాళ పొడుగ్గా ఉంది. ఆటో ఎంతసేపు పోయినా ప్రతి రాయి మీదా ఎనిమిది కిలోమీటర్లనే ఉంది. దిగి నడుస్తాం. నడిచేవాళ్లకు దారి మామూలుగానే ఉంది. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు కూడా నడిచే వస్తున్నారు.

రిసార్టులో స్విమ్మింగ్ పూల్ చుట్టూ తెల్ల కుర్చీలు. కుర్చీకో వేలు. వేలికో తువ్వాలు, ఒక బిర్యానీ పొట్లం, ఒక బంగారు ఉంగరం. నా వేలు మూడో వరుసలో ఉంది. కత్తిపీట కోసిన గంటు చూసి గుర్తుపడతాను. ఉంగరం బిగిసి ఉబ్బిపోయింది. నన్ను చూసి గోరు పక్కకు తిప్పుకుంటుంది.

పార్టీ ఏజెంటు ఫైలు పట్టుకుని పరిగెత్తుకొస్తాడు. "మేడం, లోపలికి రాకూడదు. ఇవన్నీ ఇష్టపడే వచ్చాయి."

"వేలికి ఇష్టం ఉంటుందా?"

"ఉండదు మేడం. అందుకే ఒక్కటీ అభ్యంతరం చెప్పలేదు."

"నాకుంది."

"మీరు లిస్టులో లేరు కదా మేడం. వేలే ఉంది."

"ఏలు ఉందంట, మడిసి లేదంట! ఏం చదువు చదివాడే ఈడు?" పిన్ని కుర్చీ లాక్కుని కూర్చుంటుంది. "అబ్బాయ్, మీ అమ్మ ఏలు ఏ వరసలో ఉందిరా?"

ఏజెంటు మొదటి వరుస వైపు ఒకసారి చూసి, ఫైలు మూసేస్తాడు.

పిన్ని నాలుగు వేళ్లతోనే నూలు తీస్తుంది. నా వేలి ఉంగరం కిందుగా పోగు దూర్చి, మిగతా నూలు వేలి చుట్టూ దగ్గర దగ్గరగా చుట్టి, దూర్చిన కొస లాగుతుంది. వాపు అణిగి ఉంగరం మెల్లగా జారి వస్తుంది. వంకర కుట్టు విప్పి వేలు పెట్టుకుంటాను. చల్లగా ఉంది, ఏసీ వాసన వేస్తోంది. దాన్ని ఏమీ అనను. మా ఆయన వేలు పక్క కుర్చీలోనే ఉంది. రమ్మంటే రాదు, బిర్యానీ పొట్లం మీద వాలి ఉంటుంది.

పిన్ని తన వేలూ పెట్టుకుంటుంది. కండె ఆడవాళ్ల చేతులు మారుతుంది. నాలుగయ్యేసరికి చాలా కుర్చీల్లో ఉంగరాలే మిగులుతాయి.

కాబోయే ప్రధాని హెలికాప్టరు దిగుతాడు. ఖాళీ ఉంగరాలు లేచి నిలబడతాయి. వాటిని లెక్కపెట్టి, "మెజారిటీ ఉంది," అంటాడు. ప్రమాణం చేయడానికి మైకు అందుకుంటాడు.

"అను నేను," అంటాడు.

ముందు పేరు చెప్పాలి. మళ్లీ నోరు తెరుస్తాడు. "అను నేను." జేబులోంచి కాగితం తీస్తాడు. కాగితం కూడా అక్కణ్ణుంచే మొదలవుతుంది.

మైకు ఆయన చేతిలోంచి దిగి, వైరు ఈడ్చుకుంటూ మా వైపు నడిచి వస్తుంది.

"సుభాషిణి అను నేను," అంటాను.

"నాంచారమ్మ అను నేను," అంటుంది పిన్ని, నా మాట పూర్తి కాకముందే. వెనక ఇంకో పేరు, దాని వెనక ఇంకోటి.

"కూర్చోండమ్మా, కూర్చోండి," అంటాడు కాబోయే ప్రధాని.

మేం కూర్చోం. పూల్‌లో నీళ్లు లేచి నిలబడతాయి, ఒక్క చుక్క చిందకుండా, నీలంగా, మా అందరికంటే ఎత్తుగా. తలుపులా పక్కకు జరిగి దారి ఇస్తాయి. ఖాళీ అయిన పూల్ అడుగున గడ్డి మొలిచి ఉంది. గడ్డిలో ఒక ఏనుగు, ఏ లిస్టులోనూ లేని మా పేర్లు ఒక్కొక్కటే పలుకుతూ, వెనక్కి వెనక్కి నడుస్తూ మాకు చోటు చేస్తోంది.