గాజు తొట్టెలో ఎర్ర జిగురు

రేవులో అందరూ ఆమెను బుడుంగు అని పిలిచేవారు. పడవ అంచు మీద కూర్చుని వెనక్కి వాలి, రెప్పపాటులో బుడుంగున మునిగిపోయేది కాబట్టి ఆ పేరు. పందొమ్మిదేళ్లపాటు ఓడల అడుగున పట్టిన గవ్వల్నీ నాచునీ గీకడమే ఆమె ఉద్యోగం. ఒకరోజు ఓడ కింద ఉండగా ఎడమ చెవిలో ఏదో పేలినట్టయింది. కర్ణభేరి చిరిగింది. ఆరు నెలల వైద్యం తర్వాత చెవి డాక్టరు ఆమె కళ్లలోకి చూడకుండానే, "ఇక నీళ్లలో మునగడం మర్చిపోమ్మా. స్నానానికైనా చెవిలో దూది పెట్టుకోవాల్సిందే," అంది.

ఆమెను పనిముట్ల గదికి మార్చారు. ఎవరికి ఏ గొట్టం ఇచ్చారో, ఎవరి రబ్బరు సూటు చిరిగి వచ్చిందో రాసుకోవడమే పని. కిటికీలోంచి నీళ్లు కనిపిస్తుంటే ఆమె బల్లను గోడవైపు తిప్పుకుంది.

ఆ ఏడాదే ఇంటి ముందుగదిలోకి నాలుగడుగుల గాజు తొట్టె వచ్చింది. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. తొట్టెనీ, గోడనీ చూసి తల గోక్కున్నాడు.

"మరి టీవీ ఎక్కడ పెట్టాలి?"

"మీ ఒళ్లో పెట్టుకోండి."

ఆయన నవ్వేసి టీవీని పడకగదిలోకి మోసుకెళ్లాడు.

ఉప్పు కొలిచి కలిపిన నీళ్లు, రాళ్లు, తెల్లటి ఇసుక. మొదటి నెలంతా తొట్టెలో అంతే. రెండో నెలలో నారింజ రంగు చారల చేపలు రెండు వచ్చాయి. తర్వాత రాళ్లకు అతికించిన చిన్న చిన్న పగడాలు నాలుగు. అందులో ఒకటి వంకాయరంగుది. పొద్దున్నే లైటు వెలగగానే అది వేళ్లు విప్పుకున్నట్టు విచ్చుకునేది. పనికి వెళ్లేముందు ఆమె దాని ముందు నిలబడే టీ తాగేది.

మూడో నెలలో ఇసుక మీద అరచేయంత ఎర్ర మచ్చ కనిపించింది. ముట్టుకుంటే జిగురు. వారం తిరిగేసరికి రాళ్ల మీదికి పాకింది. మధ్యాహ్నానికి దాని ఒంటి నిండా గాలిబుడగలు లేచేవి. గదిలో పాచివాసన మొదలైంది.

"చూడలేకపోతున్నానమ్మాయ్," అంది అత్తగారు. మోకాలి ఆపరేషన్ తర్వాత ఆవిడ రోజంతా తొట్టెకు ఎదురుగా కుర్చీలోనే ఉంటోంది. "ఎవరిదో ఒళ్లు గీరుకుపోయి పక్కు కట్టినట్టుంది."

ఆమె సీసాలో నీళ్లు పట్టుకుని చేపల షాపుకు వెళ్లింది. షాపాయన ఆ నీళ్లలో రెండు చుక్కల మందు వేసి, రంగు మారడం చూసి పెదవి విరిచాడు.

"ఇది నాచు కాదండీ. నాచులా కనిపించే సూక్ష్మజీవి. సైనో అంటాం. కొత్త తొట్టెల్లో మామూలే. నీళ్లలో తిండి ఎక్కువైపోయింది, అది పండగ చేసుకుంటోంది. చేపలకి ఎంత వేస్తున్నారు?"

"రోజుకోసారి. చిటికెడు."

"అయితే ఇదిగో," అని ఒక చిన్న సీసా బల్ల మీద పెట్టాడు. "పోస్తే రెండు రోజుల్లో పోతుంది."

"పోయి ఎక్కడికెళ్తుంది?"

"ఎక్కడికెళ్తుంది? అక్కడే చస్తుంది."

"చచ్చి కుళ్లితే మళ్లీ దానికే తిండి కదండీ?"

ఆయన సీసాను వెనక్కి లాక్కున్నాడు. "మీ ఇష్టం. కొత్తవాళ్లు పదిమందిలో ఎనిమిదిమంది ఈ దశలోనే తొట్టె ఎత్తేస్తారు. మీరూ ఎత్తేయాలనుకుంటే చెప్పండి, నేనే వచ్చి పట్టుకెళ్తా."

"మిగతా ఇద్దరూ ఏం చేశారు?"

"ఏమో. వాళ్లు మందు కోసం మళ్లీ నా షాపుకి రాలేదు."

ఆ మాట పట్టుకుని ఆమె ఇంటికి వచ్చింది.

గీకిన జిగురును అలా వదిలేస్తే నీళ్లలోనే తేలుతుంది. దాన్ని సన్నటి గొట్టంతో బయటికి లాగాలి. మర్నాడు పనిముట్ల గదిలో పారేయడానికి పక్కన పెట్టిన గొట్టాల్లోంచి ఒక ముక్క అడిగింది. ఎందుకని అడిగి, విషయం విని సూపర్వైజరు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"అన్ని ఓడలు గీకినదానివి, గాజుపెట్టె ముందు బోల్తాపడ్డావా బుడుంగూ?"

"ఇంకా పడలేదు సార్," అంది ఆమె గొట్టం చుట్ట చుడుతూ. "పడ్డప్పుడు పిలుస్తా, చూద్దురుగాని."

ఆ రోజు నుంచి లైటు వెలగకముందే లేచేది. చొక్కా చేతులు భుజం దాకా మడిచి, గొట్టం ఒక కొస తొట్టెలోనూ రెండో కొస బకెట్లోనూ పెట్టి, జిగురును పొరలు పొరలుగా లాగేసేది. చేయి మాత్రమే నీళ్లలో ఉండేది. ఆ చేతికి ఓడ అడుగున నేర్చుకున్న పనంతా గుర్తుంది. గట్టిగా లాగితే చిరిగి చెదురుతుంది. అంచు కింద వేళ్లు దూర్చి మెల్లగా లేపితే చాపలా వస్తుంది. ఎంత నీరు పోయిందో అంత ఉప్పునీరు మళ్లీ కలిపి పోసేది. కుళాయి నీళ్లు మానేసి, ఫిల్టరు చేసిన నీళ్లే వాడింది.

పది రోజులు గడిచాయి. పొద్దున శుభ్రం చేస్తే సాయంత్రానికి మళ్లీ ఎర్రగా పరుచుకునేది.

పదకొండో రోజు ఆదివారం. పొద్దున ఎనిమిదింటికి ఆమె వంటగదిలోంచి వస్తుంటే భర్త తొట్టె మూత ఎత్తి తిండి వేస్తున్నాడు.

"అదేంటండీ, సాయంత్రం నేను వేస్తానుగా?"

"పొద్దున పనికెళ్లేముందు రోజూ వేస్తున్నానే. అవి మూతులు గాజుకి ఆనించి చూస్తుంటే నాకు కాళ్లు కదలవు."

కుర్చీలోంచి చిన్న దగ్గు వినిపించింది. ఇద్దరూ అటు తిరిగారు. అత్తగారు కొంగు సర్దుకుంది.

"అత్తయ్యా?"

"పదింటికి... కాసింత బిస్కెట్ పొడి వేస్తానంతే. నేను తింటూ వాటికి పెట్టకపోతే ఎలా అమ్మాయ్?"

ఆమెకు ముందు ఒళ్లు మండిపోయింది. పది రోజులుగా తను ఒక చేత్తో తోడుతుంటే వీళ్లిద్దరూ రెండు చేతులా పోస్తున్నారు! నోరు తెరిచింది. అత్తగారి ఒళ్లో బిస్కెట్ పొట్లం, భర్త చేతిలో తిండి డబ్బా. వాళ్ల ముఖాలు చూసేసరికి తిట్టు నవ్వయిపోయింది. డబ్బా తీసుకుని తాళం వేసే బీరువాలో పెట్టింది. ఇకమీదట రోజు విడిచి రోజు, చిటికెడు. అదీ తన చేత్తోనే.

"నేనసలు చూడనే చూడను వాటివైపు," అని అత్తగారు అలిగింది. అలిగినావిడే గంట తర్వాత అంది: "ఆ ఎడమ మూల చూశావా? నీళ్లు అక్కడ కదలవు. ముందు అక్కడే పట్టి మిగతాచోట్లకి పాకుతుంది. నేను రోజంతా చూస్తున్నదేగా."

బుడుంగు వంగి చూసింది. నిజమే. మిగతా చోట్ల ఇసుక రేణువులు కదులుతున్నాయి, ఆ మూల మాత్రం నీరు చచ్చినట్టు పడి ఉంది. భర్త సాయంత్రానికల్లా ఆ మూలకు ఎదురుగా ఇంకో చిన్న మోటారు బిగించాడు. వెలుతురు లేకపోతే జిగురు బతకదని మూడు రోజులు లైటు ఆర్పి, తొట్టె చుట్టూ దుప్పట్లు కప్పారు. నీళ్లలో గాలి తగ్గకుండా బుడగల పంపు పెట్టారు. అత్తగారు ఆ మూడు రోజులూ దుప్పటికేసే చూస్తూ కూర్చుంది.

దుప్పట్లు తీసినప్పుడు ఇసుక తెల్లగా కనిపించింది. వంకాయరంగు పగడం మాత్రం బూడిదరంగులోకి తిరిగింది. జిగురు వారాల తరబడి దాన్ని కప్పేసి ఉండింది. చేత్తో తాకితే ఊడి వచ్చింది. ఆ రాయిని బయటికి తీసి, సింకులో కుళాయి తిప్పి దాని కింద పట్టుకుంది. భర్త వెనక నుంచి వచ్చి కుళాయి కట్టేశాడు.

నాలుగు రోజులకు మూలలో మళ్లీ ఎరుపు కనిపించింది.

"పోనీ ఇక వదిలేద్దామా?" అన్నాడు ఆయన మెల్లగా. "మళ్లీ నీకు... ఇంకో దెబ్బ ఎందుకని."

"చెవి పోయిందన్నారు, ఒప్పుకున్నా. సముద్రంలోకి దిగొద్దన్నారు, మానేశా. నన్నడక్కుండా బల్ల ముందు కూర్చోబెట్టారు, కూర్చున్నా. ఈ తొట్టెను మాత్రం ఎవరూ తీసేయమనడానికి వీల్లేదు. మీరు కూడా."

ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మర్నాడు పొద్దున ఆమెకంటే ముందు లేచి బకెట్లో ఉప్పునీరు కలిపి ఉంచాడు.

రెండు నెలలు అలాగే సాగింది. రోజూ చేసేది రెండు రోజులకోసారి అయింది, తర్వాత వారానికోసారి. రాళ్ల మీద గులాబీరంగు పూత పట్టింది; అది జిగురు కాదు, నీళ్లు కుదురుకున్న తొట్టెల్లో కట్టే గట్టి పూత. మిగిలిన మూడు పగడాల్లో పచ్చటిది రెండు కొత్త మొగ్గలు వేసింది. వాటిని మొదట చూసింది అత్తగారే. చేతికర్ర ఊపుతూ వీధి గుమ్మం దాకా నడిచి వెళ్లి మరీ కోడలికి చెప్పింది.

ఒక సాయంత్రం షాపాయన వచ్చాడు. ఈపాటికి తొట్టె ఖాళీ చేసి ఉంటారనీ, అడిగి పట్టుకెళ్దామనీ వచ్చాడు. తొట్టె ముందు వంగి, కళ్లజోడు పైకి జరిపి, ఆ మూల నుంచి ఈ మూల దాకా చూశాడు.

"ఏ మందు వాడారు?"

"మీ మిగతా ఇద్దరూ ఏం వాడారో అదే."

ఆయన ఇబ్బందిగా నవ్వి, చివరికి ఒక రాయి వెనక రూపాయి బిళ్లంత ఎర్రమచ్చను కనిపెట్టాడు. దొరికిందన్నట్టు వేలుతో గాజు మీద తట్టాడు. "అదుగో చూడండి. ఇంకా ఉంది. మళ్లీ వస్తుంది."

"రానివ్వండి," అంది బుడుంగు. "నేను మాత్రం ఎక్కడికి పోతున్నా?"

మేకుకు వేలాడుతున్న గొట్టం తీసుకుంది. అత్తగారు బకెట్‌ను కర్రతో ఇటువైపు నెట్టింది. ఆమె చొక్కా చేయి భుజం దాకా మడిచి, షాపాయన్ని కాస్త పక్కకు జరగమని, చేతిని నీళ్లలోకి దించింది.